ఆరు నెలలకు మార్కెటింగ్ పెద్దను తెచ్చుకునే ముందు

నమస్తే అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దొడ్డబళ్ళాపురం దగ్గర మీకు గానుగ నూనెల యూనిట్ ఉంది. అన్నయ్య ఉత్పత్తి చూస్తారు, బావగారు షాపులకు సరఫరా చూస్తారు, వెబ్‌సైట్ మీ చేతిలో ఉంది. అమ్మకాలు ఏడాదిన్నరగా 11 కోట్ల దగ్గరే ఆగిపోయాయి. యాడ్స్ చూసే ఒక అమ్మాయి, కోరమంగలలో ఒక యాడ్ ఏజెన్సీ తప్ప మార్కెటింగ్‌కు వేరే ఎవరూ లేరు. పూర్తి జీతం ఇచ్చి సీనియర్‌ను పెట్టుకునే స్తోమత ఇప్పుడు లేదు. అందుకని వారానికి రెండు రోజులు వచ్చే 'ఫ్రాక్షనల్ సీఎంవో' (కొద్ది రోజులకే తీసుకునే మార్కెటింగ్ హెడ్) ఒకరిని నెలకు 3 లక్షల చొప్పున ఆరు నెలలకు మాట్లాడుకుందామనుకుంటున్నారు. తీసుకోవచ్చా, ఎలా ఎంచుకోవాలి, ఒప్పందంలో ఏం రాసుకోవాలి అని అడిగారు.

మీరు పెట్టుకోవాలనుకుంటున్న మనిషి చేసే పనే నాది. బెంగళూరులో 22 ఏళ్లుగా మార్కెటింగ్‌లో ఉన్నాను. చివరి తొమ్మిదేళ్లు ఇలా తాత్కాలికంగా కంపెనీల్లోకి వెళ్లి బాధ్యత తీసుకుని, పని అయ్యాక బయటికి వచ్చేయడమే నా వృత్తి. బాగా కుదిరినవీ చూశాను, ఇద్దరికీ బాధ మిగిల్చినవీ చూశాను.

తీసుకోండి. మీ పరిస్థితికి అది సరైన దారే. కానీ సంతకం పెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆ మనిషికి మీరు ముగ్గురూ కలిసి ఏ నిర్ణయాలు అప్పగిస్తారు? రోజులు తక్కువగా కొనుక్కోవచ్చు. అధికారం కూడా తక్కువగా ఇస్తే ఆ 18 లక్షలు పోయినట్టే. ఎందుకలా అంటున్నానో మీ అంకెలతోనే చెప్తాను.

మీరు రాసిన లెక్క ఇది. వెబ్‌సైట్‌లో ఒక కొత్త కస్టమర్‌ను తేవడానికి యాడ్స్ ఖర్చు 480 రూపాయలు. మొదటి ఆర్డర్ సగటున 900. చెనక్కాయలు, గానుగ ఖర్చు, సీసా, డబ్బా, కొరియర్, డిస్కౌంట్, పేమెంట్ గేట్‌వే అన్నీ పోగా చేతిలో మిగిలేది 210. అంటే మొదటి ఆర్డర్‌లో 270 రూపాయలు మీ చేతి నుంచే పోతున్నాయి. రెండో ఆర్డర్ వచ్చినా ఇంకా 60 లోటు. మూడో ఆర్డర్ వచ్చాకే మీకు మొదటి లాభం రూపాయి కనిపిస్తుంది. మరి వందమందిలో మళ్ళీ కొంటున్నది 22 మందే అన్నారు. ఆ 22 మందీ తలా ఇంకో రెండుసార్లు కొన్నారనుకుందాం. వందమందిని తేవడానికి 48,000 ఖర్చయింది. వచ్చింది మొదటి ఆర్డర్లపై 21,000, తర్వాతి వాటిపై 9,240, మొత్తం 30,240. ప్రతి వందమందికీ 17,760 నష్టం. ఈ స్థితిలో బడ్జెట్ రెట్టింపు చేస్తే నష్టమూ రెట్టింపవుతుంది. ఏజెన్సీ వాళ్లు నెలనెలా పంపే రిపోర్టులో ఇది కనిపించదు. ఎందుకంటే వాళ్లు చూపించేది యాడ్ ఖర్చుకు ఎన్ని రెట్లు అమ్మకం వచ్చిందన్నదే. ఇందులో వాళ్ల మోసం ఏమీ లేదు. వాళ్లకు అప్పగించిన పనే అది.

ఇప్పుడు ఆలోచించండి. వందలో 45 మంది తిరిగి వచ్చి, తలా ఇంకో నాలుగుసార్లు కొంటే అదే 48,000 ఖర్చు మీద 58,800 వస్తుంది. వ్యాపారం నిలబడుతుంది. నూనె ప్రతి ఇంట్లోనూ అయిపోయే వస్తువు కాబట్టి ఇది అత్యాశేమీ కాదు. కానీ అక్కడికి వెళ్లాలంటే మంచి యాడ్ చాలదు. 1 లీటరు సీసా ఆపి 5 లీటర్ల డబ్బా ముందుకు తేవాలేమో. బరువైన సరుకు కాబట్టి లీటరుకు పడే కొరియర్ ఖర్చు అక్కడే తగ్గుతుంది. మొదటి ఆర్డర్‌కు ఇచ్చే 20 శాతం డిస్కౌంట్ తీసేసి, రెండో ఆర్డర్‌కు ఏదైనా ఇవ్వాలేమో. బెంగళూరు, హైదరాబాద్ దాటి పంపడం కొన్నాళ్లు ఆపాలేమో. దారిలో కారిన డబ్బాల గురించి వచ్చే ఫిర్యాదుల కోసం మూత మార్చాలేమో. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ మార్కెటింగ్ శాఖ ఒంటరిగా చేయగలిగింది కాదు. సీసా, మూత అన్నయ్య చేతిలో ఉన్నాయి. ధర ముగ్గురి చేతిలో ఉంది. షాపుల ధరకూ వెబ్‌సైట్ ధరకూ తేడా వస్తే ముందు మాటలు పడేది బావగారు.

అందుకే మీరు కొంటున్నది పని గంటలు అనుకోకండి. ఆరు నెలల్లో 52 రోజులు, అంటే రోజుకు దాదాపు 34,600 రూపాయలు. ఆ డబ్బు ఇచ్చి రీల్స్‌కు క్యాప్షన్లు రాయించుకుంటే ఎవరికీ న్యాయం కాదు. కష్టమైన నిర్ణయాలను అంకెలతో మీ ముందు పెట్టి, తేల్చి, అమలు చేయించడానికి అనుభవం ఉన్న మనిషి కావాలి.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఏడేళ్ల కిందట పీణ్యలో ఇంటి సామాన్లు తయారుచేసే ఒక కంపెనీకి ఆరు నెలలకు వెళ్లాను. మంచి మనుషులు, ఫీజు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. మూడో వారానికే విషయం అర్థమైంది. పదకొండు మోడళ్లలో ఆరు నష్టానికే అమ్ముతున్నారు. ఏడాది చివర డీలర్లకిచ్చే స్కీమ్ వల్ల మార్చిలో సరుకంతా తోసేసి, ఏప్రిల్, మే నెలల్లో ఖాళీగా కూర్చుంటున్నారు. రెండూ ఆపుదామన్నాను. "పెద్దాయనను అడిగి చెప్తాం మేడం" అన్నారు. ఆ పెద్దాయన ఊళ్లో ఉంటారు, నెలకోసారి వస్తారు. ఆయనకు ఆ మోడళ్లు తన చేతుల మీదుగా మొదలైనవన్న మమకారం. నాలుగు నెలలు అలాగే గడిచాయి. చివరికి నేను చేసింది ఒక ఎగ్జిబిషన్ స్టాల్, రెండు బ్రోషర్లు. వాళ్లు థాంక్స్ చెప్పి పంపారు కానీ నాకు ఇప్పటికీ అది బాధే. ధర మీద ఆఖరి మాట ఎవరిది అని నేను మొదటి రోజు అడగాల్సింది. ఆయన్ను కలవకుండా పని ఒప్పుకోకుండా ఉండాల్సింది.

తర్వాత రెండేళ్లకు జయనగర్‌లో పిల్లల బట్టల వ్యాపారం చేసే ఒకావిడ దగ్గర పనిచేశాను. వాళ్లది నెల్లూరు. నేను చేరిన రోజు ఉదయమే స్టాఫ్ అందరికీ అర పేజీ మెయిల్ పంపారు. నెలకు 2 లక్షల లోపు ఖర్చు నేనే తేల్చవచ్చు. డిస్కౌంట్ ఆపే హక్కు పూర్తిగా నాది. ధర మార్చాలంటే ఆవిడకు రాయాలి, ఆవిడ 48 గంటల్లో అవునో కాదో చెప్తారు. అంతే ఉంది అందులో. ఆ అర పేజీ వల్ల ఏజెన్సీ నా మాట విన్నది, గోడౌన్ వాళ్లు లెక్కలు దాచకుండా ఇచ్చారు. అమ్మకాలు అమాంతం పెరగలేదు. యాడ్స్ ఖర్చు మూడో వంతు తగ్గింది, నెలాఖరుకు చేతిలో డబ్బు మిగలడం మొదలైంది. అన్నిటికంటే, అప్పటిదాకా ఏజెన్సీకి మెయిళ్లు పంపడమే పనిగా ఉన్న కుర్రాడు నేను వచ్చేసే నాటికి శుక్రవారం మీటింగ్ సొంతంగా నడిపిస్తున్నాడు. నా తర్వాత వాళ్లు బయటి నుంచి ఎవరినీ తీసుకోలేదు.

మీ ముగ్గురూ కూర్చుని అలాంటి అర పేజీ రాయగలిగితే ముందుకు వెళ్లండి. రాయలేకపోతే ముందు మీలో మీరు మాట్లాడుకోండి. ఆ మాటలు బయటి మనిషి సమక్షంలో మొదలైతే బంధువుల మధ్య అనవసరంగా మనసులు నొచ్చుకుంటాయి.

పేర్ల విషయంలో చిన్న స్పష్టత. 'ఇంటెరిమ్' అంటే కొంతకాలం రోజూ వచ్చి కుర్చీలో పూర్తిగా కూర్చునే మనిషి. ఉన్న హెడ్ హఠాత్తుగా మానేసినప్పుడు, ప్రసవ సెలవు మీద వెళ్లినప్పుడు, కొత్త హెడ్ ఇంకా చేరనప్పుడు అది అవసరం. మన దగ్గర సీనియర్లకు 90 రోజుల నోటీసు మామూలు కాబట్టి, మనిషి దొరికాక కూడా మూడు నెలలు కుర్చీ ఖాళీగా ఉంటుంది. 'ఫ్రాక్షనల్' అంటే వారానికి కొన్ని రోజులు, నాలుగైదు నెలలు లేదా ఇంకా ఎక్కువ. మీకు రెండోదే కావాలి. అయితే మొదటి ఐదు వారాలు మాత్రం వారానికి నాలుగు రోజులు అడగండి, చివరి నెలలో ఒక రోజుకు తగ్గించండి. మొత్తం మీద ఓ ఆరు రోజులే ఎక్కువవుతాయి. అర్థం చేసుకోవడానికి మొదట్లోనే ఎక్కువ సమయం పడుతుంది.

ఎంచుకోవడం గురించి. పెద్ద కంపెనీ పేరు చూసి మోజుపడకండి. దేశమంతా డిస్ట్రిబ్యూటర్లు సిద్ధంగా ఉన్న సబ్బుల కంపెనీలో పదిహేనేళ్లు చేసిన మనిషికి, ఒక్కో షాపును ఒప్పించి అల్మరాలో చోటు సంపాదించడం కొత్త కావచ్చు. అలాంటి వాళ్లలోనూ ఆణిముత్యాలున్నారు. కాకపోతే 10 నుంచి 50 కోట్ల మధ్య కంపెనీలో కనీసం ఒక్కసారైనా చేతులు కాల్చుకుని నేర్చుకున్నారా అని చూడాలి. పాత క్లయింట్లలో ఇద్దరితో మీరే ఫోన్‌లో మాట్లాడండి. "బాగా చేశారా" అని అడిగితే అందరూ బాగానే చేశారంటారు. "వాళ్లు వెళ్లిపోయిన ఆరు నెలలకు మీ దగ్గర ఏం మిగిలింది" అని అడగండి. జవాబు చెప్పడానికి ఎంతసేపు ఆలోచించారో గమనించండి.

అభ్యర్థి ముందు మీ అసలు అంకెలు పెట్టండి, గోప్యత ఒప్పందం మీద సంతకం తీసుకున్నాకే. "వచ్చిన మొదటి నెలలో మీరు ఏం ఆపేస్తారు?" అని అడగండి. కొత్తగా ఏం మొదలుపెడతారో ఎవరైనా గంటసేపు చెప్పగలరు. ఆపడం చెప్పాలంటే వ్యాపారం అర్థం కావాలి. తిరిగి కొనేవాళ్ల లెక్క అడగకుండా నేరుగా బ్రాండ్ ఫిల్మ్ దగ్గరికి వెళ్లిన వాళ్లను నేనైతే పక్కన పెడతాను.

వీలైతే నేరుగా ఆరు నెలలు ఒప్పుకోకుండా, ముందు రెండు వారాల పరిశీలనకు విడిగా డబ్బిచ్చి తీసుకోండి. ఆ రెండు వారాల్లో వాళ్లు మీ యూనిట్‌కు రావాలి, బావగారితో కలిసి మల్లేశ్వరంలోనో మారతహళ్ళిలోనో షాపుల్లో ఒక పూట నిలబడాలి, పది మంది పాత కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడాలి. మారతహళ్ళిలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అక్కడ నూనె కొనే తల్లి తెలుగులో అడుగుతుంది, మల్లేశ్వరంలో ఆవిడ కన్నడలో అడుగుతుంది. ఇద్దరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటి కాకపోవచ్చు. ఆ తేడా చెవిన పడని మనిషి మీ నూనె గురించి ఏం రాసినా అతకదు.

మీది తిండి వస్తువు కాబట్టి ఇంకో పరీక్ష కూడా ఉంది. వంటనూనెల లేబుల్ మీద, ప్రకటనల్లో 'యాంటీ కొలెస్ట్రాల్', 'గుండెకు హాయి' లాంటి మాటలు వాడకూడదని ఆహార భద్రతా నియమాలు చెప్తున్నాయి. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ప్రకటనలపై విడిగా నిబంధనలు తెచ్చింది. డబ్బిచ్చి చేయించిన ఇన్‌ఫ్లుయెన్సర్ వీడియోకు అది ప్రకటన అని స్పష్టంగా రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ పేజీలో గుండె బొమ్మ పెట్టిన పోస్టులు కొన్ని చూశాను, దయచేసి వాటిని ఇవాళే తీయించండి. మీరు పిలిచిన సీనియర్ మొదటి మీటింగ్‌లోనే వాటిని వేలుపెట్టి చూపిస్తే, ఆ మనిషికి ఒక మార్కు ఎక్కువ వేయండి.

డబ్బు, కాగితాల సంగతి. 3 లక్షల ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 54,000 వస్తుంది. వృత్తిపరమైన ఫీజు కాబట్టి మీరు 10 శాతం, అంటే 30,000 టీడీఎస్ (వాళ్ల తరఫున ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకోవాలి. జీఎస్టీ బిల్లులో విడిగా చూపిస్తే టీడీఎస్ ఫీజు మీదే. చేతికిచ్చేది 3,24,000. కట్టిన జీఎస్టీని క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి వాడుకోవచ్చు. కానీ మీ నూనె మీద పన్ను 5 శాతమే. క్రెడిట్ పేరుకుపోతే, పన్నురేటు తేడా కింద వచ్చే నగదు రిఫండ్‌ను 2022 జులై నుంచి వంటనూనెలకు ఆపేశారు. ఈ 54,000 మీ లెక్కలో ఎలా సర్దుకుంటుందో ముందే ఆడిటర్‌తో మాట్లాడండి. ఆ కన్సల్టెంట్ చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు ఉద్యమ్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే 45 రోజులకు మించి బిల్లు ఆపకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమై ఆర్థిక సంవత్సరం దాటితే, చెల్లించిన ఏడాదిలోనే ఆ ఖర్చు పన్ను లెక్కలోకి వస్తుంది.

ఫీజు తగ్గించి కొంత ఈసాప్, అంటే కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు, ఇద్దామా అని అడిగారు. మీది ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి కుదరదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఈసాప్ ఉద్యోగులకు, డైరెక్టర్లకు మాత్రమే. బయటి కన్సల్టెంట్‌కు ఇవ్వడానికి లేదు. కొంత భాగం ఫలితానికి ముడిపెట్టాలనుకుంటే నగదు బోనస్‌గా పెట్టండి. దాన్ని మాత్రం మొత్తం అమ్మకాలకు ముడిపెట్టకండి. అమ్మకాలు డిస్కౌంట్‌తో ఒక్క నెలలో పెంచవచ్చు. తిరిగి కొనేవాళ్ల శాతానికో, ఆర్డర్‌కు మిగిలే 210కో ముడిపెట్టండి.

ఒప్పందంలో చాలామంది వదిలేసే విషయం హక్కుల బదిలీ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసినది మామూలుగా యజమానిది. కన్సల్టెంట్ రాసిన మాటలకు, గీయించిన డిజైన్లకు ఆ సూత్రం వర్తించదు. రాతపూర్వకంగా మీకు బదిలీ చేయించుకోవాలి. ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి అన్నది రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లకు, భారతదేశానికి మాత్రమే అనుకుంటుంది. రేపు డాలస్‌లో మనవాళ్లకు అమ్మాలన్నది మీ కోరిక కదా, ప్రపంచమంతటికీ, పూర్తి కాలానికి అని రాయించండి. పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు పని జరుగుతున్నంతకాలం పెట్టవచ్చు. పని ముగిశాక దాన్ని అమలు చేయించుకోవాలంటే 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ అడ్డొస్తుంది. కాబట్టి బలమంతా గోప్యత షరతు మీద పెట్టండి. ఏజెన్సీ నుంచి కమిషన్ ఏదైనా తీసుకుంటున్నారేమో కూడా రాతలో చెప్పించుకోండి.

ఇంకొకటి, ఇది చదివిన వెంటనే చూడండి. గూగుల్ యాడ్స్, మెటా బిజినెస్ ఖాతా, వెబ్‌సైట్ డొమైన్, వాట్సాప్ బిజినెస్ నంబర్, ఇవన్నీ ఎవరి మెయిల్ ఐడీ మీద ఉన్నాయి? ఒక కంపెనీలో నాకంటే ముందు పనిచేసిన కన్సల్టెంట్ సొంత మెయిల్ మీద యాడ్స్ ఖాతా ఉండిపోయింది. ఆయన దేశం వదిలి వెళ్లాడు, ఫోన్ కలవలేదు. మూడేళ్ల డేటా పోయి, కొత్త ఖాతాతో సున్నా నుంచి మొదలుపెట్టాం. ఓనర్‌షిప్ కంపెనీ మెయిల్ మీద ఉండాలి, బయటివాళ్లకు యాక్సెస్ మాత్రమే ఇవ్వాలి.

మీ దగ్గర యాడ్స్ చూసే అమ్మాయి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో ఆమే ముఖ్యం. ఆరు నెలల తర్వాత ఆ సీనియర్ వెళ్లిపోతారు, ఉండేది ఆమే. కొత్త పెద్ద వస్తున్నారంటే తన ఉద్యోగం పోతుందేమోనని ఆమెకు టెన్షన్ ఉంటుంది. ముందుగా ఆమెను కూర్చోబెట్టి చెప్పండి. అభ్యర్థులతో ఆఖరి మాటల్లో ఆమెను కూడా కూర్చోబెట్టండి. సీనియర్ తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ, ఎందుకు తీసుకున్నారో నాలుగు వాక్యాల్లో ఆమె చేత రాయించాలని ఒప్పందంలోనే పెట్టండి. నాలుగో నెల నుంచి శుక్రవారం మీటింగ్ ఆమె నడపాలి, సీనియర్ పక్కన కూర్చోవాలి. ఐదో నెలకూ ఆమెకు ఆ ధైర్యం రాలేదంటే, లోపం ఆమెలో ఉందని అప్పుడే తేల్చేయకండి. సీనియర్‌ను కూడా అడగండి.

సమయం గురించి చివరి మాట. కొత్త చెనక్కాయ అక్టోబరు, డిసెంబరు మధ్య మార్కెట్‌కు వస్తుంది, అప్పుడే మీ కొనుగోలు ధర తేలుతుంది. దసరా, దీపావళి అమ్మకాలూ ఆ చుట్టుపక్కలే. ఆ హడావిడిలో మనిషిని చేర్చుకుంటే మీ అన్నయ్యకు మాట్లాడే తీరిక ఉండదు. కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. ఈ వారంలో గడిచిన 12 నెలల ఆర్డర్లన్నీ తీసి, ఎవరు రెండోసారి కొన్నారు, ఎన్ని రోజులకు కొన్నారు, మొదట ఏ సైజు కొన్నారు అన్నది ఆ అమ్మాయితో ఒక షీట్‌లో పెట్టించండి. 5 లీటర్ల డబ్బాతో మొదలైనవాళ్ల శాతం, 1 లీటరుతో మొదలైనవాళ్ల శాతం విడివిడిగా ఇక్కడ రాయండి. అవి చూశాక, మీకు ధర తెలిసిన మనిషి కావాలా, షాపులు తెలిసిన మనిషి కావాలా అన్నది ఇంకా స్పష్టంగా చెప్పగలను.